పాముకు పాలు పోసినవారి బాధ్యత



తపస్సు కాలంలో ఒక ఆదివారం దివ్యపూజాబలి ముగిసిన తరువాత అరకు ప్రాంతంలోని ఒక చిన్న గుడి ఆవరణలో యువతీయువకులు కొందరు కూర్చుని మాట్లాడుకుంటున్నారు. ఏదో మాట మీద ఇరాక్ యుద్ధం ప్రస్తావన వచ్చింది. ఇంటర్ చదువుతున్న ఒక కుర్రవాడు నన్ను సూటిగా అడిగాడు. "మాస్టారూ, సద్దాం దుర్మార్గుడు కదండీ. సొంత ప్రజల మీదనే విషవాయువు వదిలాడు. అలాంటి వాణ్ణి పడగొట్టడం మంచి పనే కదా. అంతకు ముందు వాడికి ఎవరు సాయం చేశారన్నది ఇప్పుడెందుకండీ?"

పక్కనే ఒక టీచరమ్మ గారు కూర్చున్నారు. ఆమె గోదావరి జిల్లా నుండి ఉద్యోగరీత్యా మన్యానికి వచ్చినవారు. ఆమె భర్త 1990లో కువైట్‌లో డ్రైవరు. "బాబూ, మా ఇంట్లో ఆ మాట ఎప్పటికీ ఎందుకో అందుకే" అని మాత్రం అని ఆమె ఊరుకున్నారు.

ఆ కుర్రవాడి ప్రశ్న చిన్నది కాదు. ఒక దుర్మార్గుణ్ణి మన అవసరం కోసం పెంచి, అవసరం తీరాక అతని దుర్మార్గాన్నే కారణంగా చూపి యుద్ధానికి దిగితే, ఆ కారణం నిజమైనంత మాత్రాన మన చేతులు శుభ్రమవుతాయా? ఈ ప్రశ్నకు జవాబు వెదకడానికి బాగ్దాద్ దాకా పోనక్కరలేదు. మన కొండల్లోనే ఒక పాత కథ ఉంది. మొదట దానిని చెబుతాను.

అరకు నుండి పాడేరు, చింతపల్లి మీదుగా దక్షిణానికి సాగిపోయే ఈ కొండల వరుసలో, గోదావరికి ఉత్తరాన ఉన్న ప్రాంతమే రంప. ఇంగ్లీషువారి కాలంలో అక్కడ ఊళ్లు ముఠాలుగా ఉండేవి. ఒక్కొక్క ముఠాకు ఒక ముఠాదారు, వారందరి పైన మన్సబుదారు. 1835లో పాత మన్సబుదారు మరణించాక వారసత్వం గురించి తగవులు వచ్చాయి. కొన్నేళ్ల అలజడి తరువాత 1848లో కంపెనీ ప్రభుత్వం ఆయన అక్రమ సంతానమైన కుమారుణ్ణి మన్సబుదారుగా నిలబెట్టింది. ముఠాదారులు కూడా అప్పటికి ఒప్పుకున్నారు.

ఆ మనిషి ఎలాంటి పాలకుడో ప్రభుత్వానికి తెలియడానికి ఎంతో కాలం పట్టలేదు. అతడు కొన్ని ముఠాలను వాటి వారసుల నుండి లాక్కుని తన స్వాధీనంలో పెట్టుకున్నాడు. కప్పాలు పెంచాడు. కొత్త పన్నులు వేశాడు. 1858 మొదలు 1862 వరకు జనం పలుమార్లు తిరగబడ్డారు. తిరగబడిన ప్రతిసారీ ప్రభుత్వం పోలీసులను పంపి అణచింది. మన్సబుదారుని మాత్రం మార్చలేదు. ఎందుకంటే అతనితో ప్రభుత్వానికి సౌకర్యం ఉంది. మలేరియా జ్వరాల కొండల్లో తాను అడుగుపెట్టకుండానే తన తరఫున ఒకడు అధికారం చెలాయిస్తున్నాడు. దొరతనానికి ఖర్చు తక్కువ. ఆ మిగులుకు మూల్యం చెల్లించినవారు కొండరెడ్లు, కొండదొరలు, కోయలు.

తరువాత 1870ల్లో కల్లు మీద అబ్కారీ చట్టం వచ్చింది. మైదానంలో కల్లు ఒక అలవాటు కావచ్చు. మన్యంలో వేసవి నెలల్లో గింజలు అయిపోయాక జీలుగు కల్లు, తాటి కల్లు కడుపు నింపే ఆహారం. ఇంటి వాడకానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను పడింది. కల్లు ఆదాయం కాంట్రాక్టర్ల చేతికి పోయింది, పైగా మన్సబుదారు తాను కూడా జనం మీద పన్ను భారం మోపాడు. దానికి తోడు మైదానం నుండి వచ్చిన షావుకార్లు చదువురాని గిరిజనుల చేత కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, వారు కోర్టుకు రాలేని దూరంలో ఉండగానే ఏకపక్షంగా డిక్రీలు తెచ్చుకునేవారు. ఐదు రూపాయల బాకీ కోసం వంద రూపాయల సొత్తును జప్తు చేసిన ఉదంతాలు ఆనాడు బయటపడ్డాయి.

1879 మార్చిలో రంప భగ్గుమంది. పోలీసు ఠాణాల మీద దాడులు జరిగాయి. ఏప్రిల్‌లో అలజడి గొలుగొండ కొండలకు, జూలైలో భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. ప్రభుత్వం పొరుగు జిల్లాల పోలీసులతో పాటు మద్రాసు పదాతి పటాలాలను, సాపర్ల దళాలను, గుర్రపు దళాన్ని, హైదరాబాద్ కాంటింజెంట్ సైన్యాన్ని కూడా రప్పించింది. ఆ యుద్ధానికి చెప్పుకున్న కారణం శాంతిభద్రతలు. ఆ కారణం అబద్ధం కూడా కాదు. ఠాణాలు తగలబడ్డాయి, మనుషులు చచ్చారు. చంద్రయ్య 1880 ఫిబ్రవరిలో, తమ్మనదొర అదే సంవత్సరంలో హతులయ్యారు. పట్టుబడినవారిలో ఎందరినో ద్వీపాంతరం పంపారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. రెవెన్యూ బోర్డు సభ్యుడైన సల్లివన్ అనే అధికారిని ప్రభుత్వం విచారణకు పంపింది. తిరుగుబాటుకు అసలు మూలం మన్సబుదారు దుష్పరిపాలనే అని ఆ విచారణలో తేలింది. అతని పదవి ఊడింది. అతణ్ణి నిర్బంధంలో ఉంచారు. ముఠాదారులకు నేరుగా పట్టాలు ఇచ్చారు. మన్యంలో ఇంటి వాడకానికి కల్లు గీసుకునే స్వేచ్ఛ తిరిగి వచ్చింది. అంటే జనం అడిగినవి చాలావరకు న్యాయమైనవేనని ప్రభుత్వమే ఒప్పుకున్నట్లయింది. మరి అవి న్యాయమైనవైతే, వాటిని అడిగినందుకు అండమాన్ చేరినవారి సంగతి ఏమిటి? ముప్పై ఏళ్లపాటు ఆ మన్సబుదారు వెనుక పోలీసులను నిలబెట్టిన చేతి సంగతి ఏమిటి? ఆ మాటలు ఎవరూ అడగలేదు. మన్సబుదారు ఒక్కడే దోషి అయ్యాడు. అతణ్ణి నిలబెట్టినవారు న్యాయమూర్తులయ్యారు.

మన చిన్నప్పుడు సత్యోపదేశం తరగతిలో మంచి పాపసంకీర్తనానికి ఏమేమి కావాలో నేర్చుకున్నాం. ఆత్మపరిశోధన చేసుకోవాలి, మనస్తాప పడాలి, మళ్లీ చేయనని సంకల్పించుకోవాలి, పాపాన్ని తనదిగా చెప్పుకోవాలి, జరిగిన నష్టాన్ని తీర్చాలి. పొరుగువాడి పాపాలను ఎంత కచ్చితంగా చెప్పినా అది పాపసంకీర్తనం కాదు. 1880లో జరిగింది సరిగ్గా అదే. పొరుగువాడి పాపం రాసుకున్నారు, తమది రాసుకోలేదు. రాసుకోనిదానిని మానుకోవడం జరగదు కదా. రెండేళ్లకే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు మీద, అడవి మీద కొత్త కట్టడులు పెరిగాయి. మన్సబుదారు పోయాడు, పెత్తనం పోలేదు. నలభై ఏళ్ల తరువాత రోడ్డు పనుల వెట్టి, అడవి ఆంక్షలు కలిసి ఇవే కొండల్లో మళ్లీ నిప్పు రాజేశాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద అల్లూరి సీతారామరాజు దాడితో మొదలైన పోరు, 1924 మేలో ఆయన మరణం తరువాత గాని చల్లారలేదు.

ఇప్పుడు ఇదే కొలబద్దతో ఆ కుర్రవాడి ప్రశ్న దగ్గరికి వద్దాం.

1980 సెప్టెంబరులో సద్దాం హుస్సేన్ ఇరాన్ మీదికి యుద్ధానికి వెళ్లాడు. ఆనాడు అమెరికాకు ఇరాన్ అంటే భయం. అందువలన 1982లో ఇరాక్‌ను ఉగ్రవాదానికి సాయపడే దేశాల జాబితా నుండి తీసివేసింది. 1983 డిసెంబరులో అధ్యక్షుడు రీగన్ దూతగా డోనాల్డ్ రమ్స్‌ఫెల్డ్ బాగ్దాద్ వెళ్లి సద్దాంతో కరచాలనం చేశాడు. 1984లో దౌత్య సంబంధాలు తిరిగి ఏర్పడ్డాయి. అప్పు మీద ధాన్యం అందింది, ఇరాన్ సైన్యాల కదలికల సమాచారం అందింది. సోవియట్ రష్యా, ఫ్రాన్సు ఆయుధాలు అమ్మాయి. విషవాయువుల తయారీకి పనికివచ్చే సామగ్రి ఐరోపా కంపెనీల నుండి చేరింది. ఇరాక్ యుద్ధరంగంలో విషవాయువులు వాడుతున్నదని ఆ సంవత్సరాల్లోనే ప్రపంచానికి తెలుసు. 1988 మార్చి 16న కుర్దుల పట్టణమైన హలబ్జా మీద విషవాయువు కురిసింది. సుమారు ఐదు వేలమంది, వారిలో స్త్రీలు, పసిబిడ్డలు, వీధుల్లోనే ప్రాణాలు విడిచారు. ఆ తరువాత కూడా సద్దాంకు అందే సాయం ఆగలేదు.

1990 ఆగస్టు 2న అతని సైన్యం కువైట్‌లోకి చొరబడింది. అప్పుడు అతడు ఒక్కసారిగా ప్రపంచానికి శత్రువయ్యాడు. టీచరమ్మ గారి భర్తవంటి తెలుగువారు, కడప నుండి, గోదావరి జిల్లాల నుండి పొట్ట చేతబట్టుకుని వెళ్లినవారు, జీతం డబ్బులు, పెట్టె బేడా వదిలేసి ఎడారి దాటి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరుకున్నారు. అక్కడి నుండి ఎయిరిండియా విమానాలు రెండు నెలల కాలంలో లక్షా డెబ్బై వేలమందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చాయి. ఎవరో ఎక్కడో ఒక నియంతతో చేసిన స్నేహానికి వడ్డీ ఒక తెలుగింటి గడపలో చెల్లింది. ఆమె అన్న మాటకు అర్థం ఇదే.

2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సైన్యాలు ఇరాక్ మీద దాడి చేశాయి. సామూహిక సంహారక ఆయుధాలు ఉన్నాయన్నది చెప్పిన మొదటి కారణం. అవి లేవని అమెరికా పంపిన తనిఖీ బృందమే 2004లో తేల్చింది. రెండవ కారణం హలబ్జా. సొంత ప్రజలను విషవాయువుతో చంపినవాడు పాలకుడుగా ఉండరాదని చెప్పారు. ఈ రెండవ కారణం పచ్చి నిజం. కాని అది జరిగిననాడు నోరు మెదపనివారు పదిహేనేళ్ల తరువాత దానిని పతాకంగా ఎత్తినప్పుడు, హలబ్జా తల్లుల కన్నీటిని వారు రెండుసార్లు వాడుకున్నట్లు కాదా?

ఇంకొక విషయం కూడా ఆలోచించండి. 2006 డిసెంబరు 30న సద్దాంను ఉరి తీశారు. 1982లో దుజైల్ పట్టణంలో 148 మందిని చంపించిన కేసులో పడిన శిక్ష అది. కుర్దుల ఊచకోత కేసు అప్పటికి విచారణలోనే ఉంది. ఆ బోనులో అతడు చివరిదాకా నిలబడి ఉంటే, విషానికి సరుకు ఎవరిచ్చారు, తెలిసి కూడా ఎవరు ఊరుకున్నారు అనే ప్రశ్నలు బయటికి వచ్చి ఉండేవేమో. రంప మన్సబుదారు కథలోలాగే ఇక్కడ కూడా దోషి ఒక్కడుగానే మిగిలాడు.

అయితే ఎదుటి పక్షం వాదనను కూడా న్యాయంగా వినాలి.

అప్పటి పరిస్థితి వేరు, పెద్ద కీడును ఆపడానికి చిన్న కీడుతో చేతులు కలపక తప్పలేదు అని కొందరంటారు. పాలించేవారికి ఒక్కొక్కసారి మంచి దారులేవీ మిగలవన్నది నిజమే. 1990 ఆగస్టులో మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లినప్పుడు సద్దాంతో ఆలింగనం చేసుకున్న ఫోటో పత్రికల్లో పడింది. ఎందరో విమర్శించారు. కాని ఆ ప్రయాణం వెనుక చిక్కుకుపోయిన లక్షమందికి పైగా మనవాళ్ల ప్రాణాలున్నాయి. ప్రాణాలు కాపాడడానికి దుర్మార్గుడి గడప తొక్కడం వేరు, మన పగ తీర్చుకోవడానికి అతని చేతికి బలం ఇవ్వడం వేరు. మొదటిదానిలో మనం అతణ్ణి బ్రతిమాలుతున్నాం. రెండవదానిలో అతని చేత హత్య చేయిస్తున్నాం. అయినా మన దేశం కూడా ఆ సంవత్సరాలన్నింటా ఇరాక్ నూనె కొనుక్కుంటూ స్నేహంగానే ఉన్నదని మరచిపోకూడదు. మన వంటింటి కిరోసిన్ స్టవ్వు, మన బస్సు టిక్కెట్టు ఆ స్నేహానికి పూర్తిగా దూరం కావు.

ఇంకొందరు, పాలు పోసినవాడికే పామును చంపే బాధ్యత ఎక్కువ కదా అంటారు. ఇది బలమైన మాట. నేను దీనిని తోసిపుచ్చను. గతంలో తప్పు చేశారు గనుక ఇప్పుడు ఏమీ చేయకూడదనడం న్యాయం కాదు. చేసిన తప్పు బాధ్యతను తగ్గించదు, పెంచుతుంది. కాని ఆ బాధ్యత ఎక్కడ మొదలవుతుంది? ముందు నిజం చెప్పడంతో. "ఇతణ్ణి పెంచినవారిలో మేమూ ఉన్నాం" అన్న ఒక్క మాటతో. ఆ మాట చెప్పినవాడు తన మొదటి లెక్క తప్పయిందని ఒప్పుకుంటాడు గనుక, రెండవ లెక్క వేసేటప్పుడు చేయి వణుకుతుంది. పామును కొట్టబోయి ఊయలలోని పసిబిడ్డను కొడతానేమోనని జాగ్రత్తపడతాడు. ఆ మాట చెప్పనివాడికి ఆ వణుకు ఉండదు. దుష్టుడు వాడు, మంచివాణ్ణి నేను అనుకుని కర్ర ఎత్తుతాడు.

దావీదు రాజు కథ మీకు తెలుసు. పేదవాడి ఒక్కగానొక్క గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనవంతుడి కథను నాతాను ప్రవక్త చెప్పినప్పుడు దావీదు కోపంతో మండిపడి మరణశిక్ష పలికాడు. ఆ కోపంలో అబద్ధం లేదు, తీర్పులో పొరపాటు కూడా లేదు. లోపించింది ఒక్కటే. ఆ మనిషి తానేనని అతనికి తెలియదు. తెలిసిన క్షణంలో అతడు తన పాపాన్ని ఒప్పుకున్నాడు. లోకంలోని రాజ్యాలకు నాతాను చాలా అవసరం.

2003లో ఆ నాతాను పని చేయడానికి పునీత రెండవ జాన్ పౌల్ జగద్గురువులు ప్రయత్నించారు. జనవరిలో రాయబారుల సమావేశంలో, యుద్ధం ఎన్నడూ తప్పనిసరి కాదనీ, అది మానవజాతికి ఎప్పుడూ ఓటమేననీ హెచ్చరించారు. బాగ్దాద్‌కు కార్డినల్ ఎచెగారె గారిని, వాషింగ్టన్‌కు కార్డినల్ లాగి గారిని దూతలుగా పంపారు. సద్దాం మంచివాడని జగద్గురువులు అనలేదు. నియంతృత్వంలో బ్రతకడం ఎలా ఉంటుందో పోలండ్ బిడ్డ అయిన ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆయన అడిగింది శ్రీసభ సత్యోపదేశం ఎప్పటినుండో అడుగుతున్నదే. వచ్చిన కీడు తీవ్రమైనదని, నిశ్చయమైనదని రుజువయిందా? మిగిలిన మార్గాలన్నీ ప్రయత్నించి చూశారా? విజయానికి తగిన ఆశ ఉందా? తొలగించే కీడుకన్నా తెచ్చిపెట్టే కీడు పెద్దది కాదు కదా?

చివరి ప్రశ్నకు జవాబు ఇరాక్ ప్రజలు తమ రక్తంతో ఇచ్చారు. లక్షమందికి పైగా పౌరులు ఆ యుద్ధంలో, ఆ తరువాత చెలరేగిన హింసలో మరణించారు. అపొస్తలుల కాలం నాటి నుండి విశ్వాసాన్ని నిలుపుకున్న అక్కడి క్రైస్తవ సంఘం చెల్లాచెదురైంది. మోసుల్ అగ్రపీఠాధిపతి పౌలోస్ ఫరాజ్ రహ్హో గారిని 2008 ఫిబ్రవరిలో అపహరించారు, మార్చిలో ఆయన భౌతికకాయం దొరికింది. 2010 అక్టోబరు 31న బాగ్దాద్‌లో పూజ జరుగుతున్న గుడిలోకి చొరబడి గురువులతో సహా యాభైమందికి పైగా ప్రాణాలు తీశారు. సద్దాంను పెంచినవారి బిడ్డలు కారు వారు. అతణ్ణి దించమని కోరినవారూ కారు. రంపలోలాగే ఇక్కడ కూడా మూల్యం చెల్లించింది ఏ నిర్ణయంలోనూ భాగం లేనివారు.

ఇంతవరకు చదివి, ఇది పెద్ద దేశాల సంగతి, మనకెందుకు అనుకోకండి. మన ఊళ్లలో మన్సబుదార్లు లేరా? ఓటు వేసే రోజున, రోడ్డు వేయిస్తాడనో, మనవాడనో, మనకు ఎదురైనవాణ్ణి అణచివేస్తాడనో ఒక రౌడీని గెలిపించుకుంటాం. పక్క వీధివాడి భూమిని అతడు లాక్కున్నప్పుడు కిటికీ మూసుకుంటాం. మన గడపకు వచ్చిననాడు అన్యాయం అని కేకలు వేస్తాం. ఆ కేక నిజమే. కాని పక్క వీధివాడు మన ముఖం చూసి ఏమనుకుంటాడు? ఇంట్లో కూడా అంతే. అన్న కొడుకుతో తగవు ఉంది కదా అని మన కొడుకు దుడుకుతనాన్ని ముద్దుచేస్తాం. వాడు పెళ్లాన్ని కొట్టిననాడు వాణ్ణి వీధిలోకి నెట్టి, ఇలాంటివాడు మా కడుపున పుట్టాడా అని చెడామడా తిడతాం. కోడలు మాత్రం మనల్ని చూస్తూ ఉంటుంది.

కాబట్టి ఆ కుర్రవాడికి నేను ఇలా చెప్పాను. "నాయనా, సద్దాం దుర్మార్గుడే. నువ్వన్నది తప్పు కాదు. కాని దుర్మార్గుడి మీద తీర్పు చెప్పేవాణ్ణి మనం రెండు ప్రశ్నలు అడగాలి. నిన్న అతని వెనుక నిలబడింది నువ్వు కాదా? ఇవాళ నీ కోపానికి ఖరీదు ఎవరు కడతారు? ఈ రెండింటికీ నిజాయితీగా జవాబు చెప్పినవాడి మాట వినవచ్చు. చెప్పనివాడు ఎంత నిజం పలికినా, ఆ నిజాన్ని అతడు కర్రగా వాడుతున్నాడు, దీపంగా కాదు."

వాడు కాసేపు ఆలోచించి, "మరి పాలు పోసినవాళ్లు ఒప్పుకుంటే జనం క్షమిస్తారా మాస్టారూ?" అని అడిగాడు. నేను టీచరమ్మ గారి వైపు చూశాను. ఆమె లేచి, చెప్పులు వేసుకుంటూ, "ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు కదా బాబూ. అడిగితే చూద్దాం" అన్నారు.

జక్కయ్య తన ఇంట ప్రభువును ఎదుర్కొన్ననాడు రోమా ప్రభుత్వాన్ని నిందించలేదు, తోటి సుంకరులను నిందించలేదు. ఎవరి వద్ద ఎంత అన్యాయంగా తీసుకున్నానో దానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ ఇంటికి ఆ రోజే రక్షణ వచ్చింది. ఈ తపస్సు కాలంలో మన ఆత్మపరిశోధనలో ఒక్క ప్రశ్న చేర్చుకుందాం. మన సౌకర్యం కోసం ఇవాళ మనం ఎవరి పాముకు పాలు పోస్తున్నాం? అది ఎదిగి కాటు వేసేది ఎవరి బిడ్డను?